ఐదో నెలలో బెల్లీ డాన్స్ చేయొచ్చా? అత్తయ్య పేగు మెడకి చుట్టుకుంటుందంటున్నారు

రాయగడ_కోడలు:

అందరికీ నమస్కారం. మాది రాయగడ, పుట్టిల్లు బొబ్బిలి. తొలి కాన్పు, ఐదో నెల నడుస్తోంది. విజయనగరంలో చూపించుకుంటున్నాను. మొన్ననే ఐదో నెల స్కాన్ అయింది, బిడ్డ బాగుంది, మాయ పైనే ఉంది అన్నారు. రక్తం మాత్రం 10.2 ఉంది, ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా. డాక్టరమ్మ "కొంచెం వాకింగ్ చెయ్యి, లైట్‌గా ఎక్సర్‌సైజ్ చెయ్యి" అన్నారు. అంతకుమించి అడగాలంటే బయట కూర్చున్న జనాన్ని చూసి నాకే మొహమాటం వేసింది.

చిక్కంతా ఆ వాకింగ్ దగ్గరే. మా వీధంతా ఎత్తుపల్లాలు, పైగా వానాకాలం, బురద, చీకటి పడితే కుక్కలు. మేడ మీద తిరుగుదామంటే పాచి పట్టి జారుతోంది. ఇంట్లో హాల్లోనే చేసుకునేది ఏదైనా కావాలి. పెళ్ళికి ముందు వైజాగ్‌లో హాస్టల్లో ఉన్నప్పుడు సరదాగా బెల్లీ డాన్స్ క్లాసులకి వెళ్ళాను. పెద్ద డాన్సర్‌ని ఏం కాదు, నడుం గుండ్రంగా తిప్పడం, తుంటితో ఎనిమిది అంకె వెయ్యడం, షిమ్మీ అని తుంటిని వేగంగా వణికించడం, అంతవరకే వచ్చు. ఇప్పుడు చూస్తే కడుపుతో ఉన్నవాళ్ళ కోసమే అని బోలెడు వీడియోలు ఉన్నాయి. ఒకావిడైతే నిండు నెలల్లో కూడా గలగలలాడే నడికట్టు కట్టుకుని ఊపేస్తోంది. నేనూ మెల్లగా కాసేపు తిప్పి చూశాను, పొద్దుటి నుంచీ పట్టేసినట్టున్న నడుం హాయిగా అనిపించింది.

సరిగ్గా అప్పుడే అత్తయ్య చూసేశారు. "అలా నడుం తిప్పితే బిడ్డ పేగు మెడలో వేసుకుంటాది, మేనమామకి గండం" అని మా తమ్ముణ్ణి కూడా ఇందులోకి లాగారు. మా ఆయన ఎటూ చెప్పరు, పేపర్ పట్టుకుని కూర్చుంటారు. అత్తయ్య చెడ్డావిడ కాదు, నాకు రోజూ రాగి అంబలి కాచి గ్లాసు చేతికిచ్చేది ఆవిడే. కానీ ఈ విషయంలో ఆవిడకి ఏం చెప్పాలో తెలియడం లేదు, నాకూ లోపల కొంచెం టెన్షన్‌గానే ఉంది. నిజంగా చేయొచ్చా? చేస్తే ఏవి చేయొచ్చు, ఏవి మానాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

బరంపురం_ఫిజియో:

ముందు పేగు సంగతి తేల్చేద్దాం, లేకపోతే మీ తమ్ముడికి నిద్ర పట్టదు. బిడ్డ ఉమ్మనీటిలో తిరుగుతూ తనే పేగుని మెడకి వేసుకుంటుంది, తనే తప్పించుకుంటుంది. పుట్టే వేళకి చూస్తే నలుగురైదుగురు బిడ్డల్లో ఒకరికి మెడలో పేగు ఉంటుంది. చాలామందికి దానివల్ల ఏమీ కాదు, కాన్పు చేసేవాళ్ళు వేలితో తప్పించేస్తారు. పేగు లోపల రక్తనాళాల చుట్టూ చిక్కటి జెల్లీ ఉంటుంది కాబట్టి అది తేలిగ్గా నొక్కుకుపోదు. తల్లి నడుం తిప్పినందుకో, చేతులు పైకెత్తి బట్టలు ఆరేసినందుకో పేగు చుట్టుకోదు. అత్తయ్యకి ఇదే చెప్పండి, లేదా వచ్చేసారి ఆవిడనీ చెకప్‌కి తీసుకెళ్ళి డాక్టరమ్మ నోటితోనే చెప్పించండి, అది ఇంకా బాగా పనిచేస్తుంది.

ఇక అసలు విషయం. మెల్లగా చేసే బెల్లీ డాన్స్ అంటే తుంటి ఎముకల్ని, నడుం కింది భాగాన్ని గుండ్రంగా, పక్కలకి కదపడమే. కాన్పు ముందు మేము నేర్పే పెల్విక్ టిల్ట్ (కటిని ముందుకీ వెనక్కీ మెల్లగా వంచడం), బంతి మీద కూర్చుని తిప్పడం, ఇవన్నీ దానికి చుట్టాలే. నెలలు పెరిగేకొద్దీ పొట్ట బరువు ముందుకి లాగుతుంది, నడుం లోపలికి వంగిపోతుంది, అందుకే మీకు పొద్దుటి నుంచీ పట్టేసినట్టు ఉంటోంది. ఈ డాన్స్‌లో నిలబడే పద్ధతే దానికి కొంత విరుగుడు. పాదాలు తుంటి వెడల్పున సమానంగా పెట్టి, మోకాళ్ళు బిగించకుండా కొద్దిగా వదిలి, వెన్ను కింది కొసని నేల వైపు దించినట్టు నిలబడాలి, ఛాతీ పైకి ఉండాలి, భుజాలు వదులుగా. డాన్స్ చేయకపోయినా గ్యాస్ పొయ్యి దగ్గర అలా నిలబడి చూడండి, నడుం తేలికవుతుంది.

అయితే "లైట్ ఎక్సర్‌సైజ్" అన్నారు కదా అని ఊరుకోకుండా ఒక్క ప్రశ్న మొహమాటం లేకుండా అడగండి: "నడుం తిప్పే డాన్స్ ఇంట్లో మెల్లగా చేసుకోవచ్చా, నాకు ఏదైనా అడ్డం ఉందా?" అని. ఎందుకంటే కొందరికి అసలు వద్దు. రక్తస్రావం అవుతున్నవాళ్ళు, మాయ కిందికి ఉండి 26 వారాలు దాటినవాళ్ళు, గర్భసంచి మూతి వదులై కుట్టు వేయించుకున్నవాళ్ళు, ఉమ్మనీరు కారుతున్నవాళ్ళు, బీపీ పెరిగి గుర్రపు వాతం లక్షణాలు ఉన్నవాళ్ళు, నెలలు నిండకముందే నొప్పులు వచ్చే ప్రమాదం ఉందని చెప్పించుకున్నవాళ్ళు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు. వీళ్ళకి డాన్సే కాదు, ఏ వ్యాయామమైనా డాక్టరు చూసి చెప్పాల్సిందే. మీరు చెప్పినదాంట్లో అలాంటిదేమీ కనబడలేదు. రక్తం 10.2 అంటే కొంచెం తక్కువే, గర్భిణికి 11 ఉండాలి, కానీ దానికి మెల్లగా చేసే కదలిక అడ్డం కాదు, త్వరగా ఆయాసం వస్తే మాత్రం ఆపేయండి.

ఎంతసేపు అని అడుగుతారు ఎలాగూ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో ఇబ్బందులేమీ లేని గర్భిణులు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ఉంది. అది గమ్యం, మొదటి రోజే కాదు. పది నిమిషాలతో మొదలుపెట్టి పెంచుకోండి. చేస్తూ చేస్తూ అత్తయ్యతో మాట్లాడగలిగితే సరిపోయినట్టు. మాట తెగిపోతూ రొప్పుతుంటే ఎక్కువైనట్టు.

రక్తం కనబడినా, నీరు కారినా, పొట్ట మాటిమాటికీ బిగుసుకుని నొప్పి వస్తున్నా, తల తిరిగినా, గుండెలో నొప్పి వచ్చినా, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా ఆపేసి వెంటనే చూపించుకోవాలి, రేపు చూద్దాంలే అనుకోవద్దు. బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించినా అంతే.

పర్లాకిమిడి_మామ్మ:

ఏటమ్మా ఈ కాలం పిల్లలు. మేము ఏ డాన్సులు చేశాం? నిండు నెలల దాకా తిరగలి విసిరాం, రుబ్బురోలు తిప్పాం, నుయ్యి నుంచి నీళ్ళు తోడాం, చీపురుతో వాకిలి ఊడ్చాం. నడుం దానంతట అదే తిరిగేది. నాకు అందరూ ఇంట్లోనే పుట్టారు. ఇప్పుడు మిక్సీ, వాషింగ్ మెషీనూ పెట్టుకుని కూర్చుని, కూర్చున్నందుకు మళ్ళీ డబ్బులిచ్చి ఎక్సర్‌సైజులు. ఇల్లు తడిగుడ్డ పెట్టుకోమ్మా, అదే నీ బెల్లీ డాన్స్.

కానీ ఒకటి చెప్తాను, మీ అత్తగారిది తప్పనను. పెద్దవాళ్ళ భయం వేరు. మా పెద్దమ్మ కూతురు కాన్పులో పోయింది, ఆ రోజుల్లో ఎవరికీ కారణం తెలియదు, దేని మీద పడితే దాని మీద నెపం వేసేవారు. బియ్యం మూట ఎత్తిందన్నారు, అమావాస్యనాడు బయట తిరిగిందన్నారు. అందుకని మీ అత్తగారితో వాదించకు. మెల్లగా చెప్పు. తమ్ముడి గండం గురించి అయితే, పేగుతో పుడితే నూనెలో ముఖం చూపిస్తారు, అంతే, మా ఇంట్లో ఇద్దరు మేనమామలు అలా చూశారు, ఇద్దరూ పర్లాకిమిడి బజారులో గుండ్రాయిల్లా తిరుగుతున్నారు.

జయపురం_లయ:

మామ్మగారూ, మీ తిరగలి మాట నాకు భలే నచ్చింది, నిజంగానే ఆ ఒళ్ళు తిరిగే తీరూ, ఈ నడుం చుట్టూ తిప్పే అడుగూ దగ్గర దగ్గరే. కానీ మిక్సీ ఉన్న ఇంట్లో తిరగలి ఎవరు విసురుతారండీ, పాపం ఆ అమ్మాయి అటకెక్కి తిరగలి దించుకుంటే అదింకా ప్రమాదం :)

నేను వైజాగ్‌లో చాలా ఏళ్ళు నేర్చుకుని, ఇప్పుడు జయపురంలో ఆడవాళ్ళకి ఇంటి దగ్గరే చెప్తుంటాను. రెండో కాన్పుకి చివరిదాకా చేశాను, నా డాక్టరుకి చెప్పే చేశాను. నా అనుభవంలో మానేసినవి చెప్తాను. షిమ్మీ ముందు. వేగంగా వణికించడం కడుపుతో ఉన్నప్పుడు అస్సలు సుఖంగా ఉండదు, పొత్తికడుపు పక్కల చురుక్కుమంటుంది, గజ్జల దాకా లాగుతుంది. తర్వాత హిప్ డ్రాప్, హిప్ లాక్ లాంటి కుదుపులు. ఒక కాలి మీద బరువు వేసి తుంటిని టక్కున వదిలేసే అడుగులన్నీ. వెనక్కి వంగడాలు, నేల మీద వాలిపోవడాలు, గిర్రున తిరగడాలు, పొట్టని అలలా కదిపే బెల్లీ రోల్. ఇవి బిడ్డ పుట్టాక, అదీ కొన్ని నెలల తర్వాత. బెల్లీ డాన్స్‌లో బెల్లీని వదిలేస్తే ఇంకేం మిగిలింది అంటారేమో, మిగిలిందే ఎక్కువ.

మిగిలింది ఏంటంటే, తుంటిని పక్క నుంచి పక్కకి జరపడం, చిన్న వృత్తం, పెద్ద వృత్తం, పడుకోబెట్టిన ఎనిమిది, ఛాతీని అటూ ఇటూ జరపడం, భుజాలు, చేతులు. చేతుల్ని తక్కువగా చూడకండి, పాములా మెల్లగా కదిపే చేతులు వీపు పైభాగానికి చాలా మంచిది, రేపు బిడ్డని ఎత్తుకుని పాలిచ్చేటప్పుడు ఆ వీపే కదా పని చేసేది. ఎనిమిది వేసేటప్పుడు కుడి తుంటి ముందుకి తెచ్చి, బయటికి, వెనక్కి, అక్కడి నుంచి ఎడమ తుంటిని ముందుకి. నేల మీద ముగ్గు గీతలాగా ఎక్కడా తెగకూడదు. తెగిందంటే మీరు తొందరపడుతున్నట్టు. మోకాళ్ళు బిగిస్తే వృత్తం రాదు, నడుం మాత్రమే మెలికపడుతుంది, అప్పుడు నొప్పి ఖాయం. గోడకి లేదా కిటికీ చువ్వకి ఒక చెయ్యి ఆనించుకోండి, ఆరో నెల దాటాక బ్యాలెన్స్ తప్పడం చాలా తేలిక.

పాటకి వస్తే, ఈజిప్టు, టర్కీ వాళ్ళ సంగీతంలో చిఫ్తెతెల్లి అని నిదానమైన 8 మాత్రల తాళం ఉంది, దానికి ఒక వృత్తం పూర్తిగా 8 లెక్కపెట్టి వేయాలి. అది దొరకకపోతే మీకు నచ్చిన ఏ నిదానమైన పాటైనా సరే, లాలిపాటైనా బాగుంటుంది. ఫాస్ట్ బీట్ పెట్టారో, కాళ్ళు ఆగవు, నాకు తెలుసు.

ఇంకొకటి, మీ అత్తయ్య బాధ పేగు ఒకటే కాకపోవచ్చు. మనవాళ్ళకి ఈ డాన్స్ అంటే సినిమాల్లో క్లబ్ పాటే గుర్తొస్తుంది. నిజానికి ఈజిప్టులో ఇది పెళ్ళిళ్ళలో, ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఆడవాళ్ళ మధ్య ఆడుకునేది, మన దగ్గర ముత్తయిదువలు కోలాటం వేసుకున్నట్టు. స్టేజీ మీదికి, మెరుపుల బట్టల్లోకి వచ్చింది కైరో నైట్ క్లబ్బుల కాలంలో, బదియా మసాబ్నీ అనే ఆవిడ 1926లో అక్కడ తన క్లబ్ తెరిచాక ఆ ఊపు పెరిగింది. మీరు నైటీ మీదే చేసుకోండి, చున్నీ తుంటి చుట్టూ ముడేసుకుంటే కదలిక ఎలా ఉందో అద్దంలో తెలుస్తుంది. గలగలలాడే బిళ్ళల నడికట్టు ఇప్పుడొద్దు, ఆ శబ్దం వినాలని తెలియకుండానే కుదిపేస్తాం.

చిత్రకొండ_సందేహం:

అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి నేనొక్కదాన్నే రాయి వేస్తాను. ఆ వీడియోల కింద "ఇది వేల ఏళ్ళ నాటి ప్రసవ నృత్యం, ఇది చేస్తే నార్మల్ డెలివరీ గ్యారంటీ" అని రాస్తున్నారు చూశారా? మొదటి ముక్కకి గట్టి ఆధారం ఏమీ లేదు. అరబ్ దేశాల్లో కొన్నిచోట్ల ఆడవాళ్ళు పురిటి వేళ చుట్టూ చేరి ఇలా కదిలేవారని చెప్పినవాళ్ళు ఉన్నారు, కానీ అక్కడి నుంచి "ఈ డాన్స్ పుట్టిందే కాన్పు కోసం" అనడం చాలా దూరం. అమెరికాలో ఈ పేరు జనం నోళ్ళలో పడిందే 1893 చికాగో ఎగ్జిబిషన్‌తో, అక్కడ డబ్బులు పెట్టి చూసే వింతగా. తర్వాత అమ్ముకోవడానికి ఎవరికి కావలసిన కథ వాళ్ళు తగిలించారు.

రెండో ముక్క ఇంకా ప్రమాదం. కాన్పు సిజేరియన్ అవడానికి వంద కారణాలు ఉంటాయి, బిడ్డ అడ్డం తిరిగి ఉండొచ్చు, మాయ అడ్డం ఉండొచ్చు, నొప్పుల మధ్య బిడ్డ గుండె చప్పుడు తగ్గొచ్చు. నా చెల్లెలు రోజూ వ్యాయామం చేసింది, చివరికి ఆపరేషనే అయింది, అప్పుడు "నేను సరిగ్గా చేయలేదేమో" అని నెలల తరబడి కుమిలింది. ఈ గ్యారంటీ మాటలు రాసేవాళ్ళకి ఆ ఏడుపు కనబడదు. నడుం నొప్పి తగ్గుతుంది, మనసు బాగుంటుంది, అందుకని చెయ్యండి. అంతకన్నా ఎక్కువ దాని నెత్తిన పెట్టకండి.

గుణుపురం_సిస్టర్:

సందేహం గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను లేబర్ రూమ్‌లో పనిచేసినదాన్ని, నార్మల్ గ్యారంటీ అనే మాట మా దగ్గర ఎవరూ అనరు. అయితే నొప్పులు మొదలయ్యాక పడుకోకుండా నిలబడి, నడుస్తూ, నడుం తిప్పుతూ ఉండటం మాత్రం పనిచేస్తుంది, దానికి లెక్క ఉంది. 2013లో వచ్చిన కాక్రేన్ సమీక్షలో, అంటే చాలా అధ్యయనాల్ని కలిపి చూసిన లెక్కలో, నిలబడి, నడుస్తూ ఉన్నవాళ్ళకి కాన్పు మొదటి దశ మంచం మీద పడుకున్నవాళ్ళకన్నా సగటున గంటా 22 నిమిషాలు తక్కువ పట్టిందని తేలింది. ఇరాన్‌లో తొలి కాన్పు 60 మంది మీద ఒక చిన్న అధ్యయనం చేశారు, 2014లో వచ్చింది, నొప్పుల మధ్య నిలబడి తుంటిని ముందుకీ వెనక్కీ, గుండ్రంగా కదిపి, తోడున్నవాళ్ళు నడుం రుద్దితే నొప్పి తక్కువగా అనిపించిందన్నారు. 60 మందే కాబట్టి దాన్ని మరీ పెద్ద మాటగా చెప్పుకోకూడదు, కానీ నేను కళ్ళారా చూసింది కూడా అదే. మంచం కడ్డీ పట్టుకుని నడుం తిప్పుకునే పిల్లలు నొప్పిని కాస్త తట్టుకుంటారు. ఇప్పుడు నేర్చుకున్న ఎనిమిది అంకె అప్పుడు అక్కరకొస్తుంది, కొత్తగా ఆ టైమ్‌లో నేర్పితే ఎవరి బుర్రకీ ఎక్కదు.

నేను అసలు రాద్దామనుకున్నది వేరే. మన ఈ జిల్లాల్లో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే, పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు) ఉన్నవాళ్ళు, తమకి ఉందని తెలియనివాళ్ళు చాలామంది. కొండ ఊళ్ళలోనే కాదు, పట్నాల్లో కూడా. మీ రక్తం 10.2 అన్నారు, అది మామూలు ఐరన్ తక్కువే కావచ్చు, కానీ ఒకసారి సికిల్ టెస్ట్ చేశారా అని ఫైలు తిరగేసి చూసుకోండి. సికిల్ జబ్బు ఉన్నవాళ్ళకి ఒంట్లో నీరు తగ్గినా, మరీ అలిసిపోయినా ఒళ్ళంతా విపరీతమైన నొప్పి వస్తుంది, కడుపుతో ఉన్నప్పుడు అది ఇంకా ఇబ్బంది, వాళ్ళు ఏ వ్యాయామమైనా డాక్టరుతో మాట్లాడాకే. చేయించుకోకపోతే ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా చేస్తారు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకి డాక్టరు చూసే రోజు ఉంటుంది, 2016 నుంచీ నడుస్తోంది, విజయనగరం వెళ్ళలేని నెల అక్కడికైనా వెళ్ళండి. బీపీ, రక్తం, మూత్రం చూడకుండా నెల దాటనివ్వొద్దు.

ఐరన్ మాత్ర టీతో వేసుకోకండి, టీకి గంటో రెండు గంటలో ఎడం ఉంచండి. నిమ్మరసంతో అయితే బాగా ఒంటబడుతుంది. అత్తగారి రాగి అంబలి బంగారం, కానీ మాత్రకి బదులు కాదు. డాన్స్ చేసే ముందు ఒక గ్లాసు నీళ్ళు, చేశాక ఒక గ్లాసు. ఉక్కబోతగా ఉంటే ఫ్యాన్ వేసుకునే చేయండి, కరెంటు లేకపోతే ఆ పూటకి మానేయండి. తిన్న వెంటనే వద్దు, ఖాళీ కడుపుతోనూ వద్దు.

లోపలి ఊళ్ళ నుంచి ఎవరైనా ఇది చదువుతుంటే, కాన్పు దగ్గరపడ్డాక వానల్లో బండి దొరకదని భయపడేవాళ్ళ కోసం ఒడిశాలో మా గృహ అని ఆసుపత్రి దగ్గరే ముందుగా వచ్చి ఉండే ఇళ్ళు కట్టారు, మీ ఆశా దీదీని అడగండి. దారి తప్పి వేరే సంగతి రాస్తున్నాను గానీ, నడుం తిప్పడం కన్నా సమయానికి ఆసుపత్రికి చేరడం పెద్ద విషయం.

బల్లార్షా_అల్లుడు:

మగవాణ్ణి ఇందులో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మాది చంద్రపూర్ జిల్లా, బల్లార్షా. మా ఆవిడకి ఏడో నెల, కవలలు. తనూ ఈ వీడియోలే చూసి మొదలుపెడతానంటోంది. నేను వద్దంటే "నీకేం తెలుసు" అంటోంది. ఏం చెప్పమంటారు?

బరంపురం_ఫిజియో:

తమ్ముడూ, మీకేం తెలుసు అని ఆవిడ అన్నది నిజమే, నాకూ ఆవిడ రిపోర్టులు తెలియవు :) కవలలంటే నెలలు నిండకముందే నొప్పులు వచ్చే అవకాశం మామూలుగానే ఎక్కువ, అందులోనూ ఏడో నెల. డాక్టరు గర్భసంచి మూతి పొడవు చూసి సరే అనేదాకా మొదలుపెట్టొద్దు. డాక్టరు వద్దంటే వద్దనే. ఈలోగా చేతులు, భుజాలు, కూర్చుని ఊపిరి తీసుకోవడం చేయొచ్చా అని అడగమనండి. మీరు మాత్రం రోజూ రాత్రి ఆవిడ నడుం కింద అరచేత్తో మెల్లగా రుద్దండి, దానికి నా గ్యారంటీ.

రాయగడ_కోడలు:

ఇన్ని సంగతులు చెప్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. ఫైలు తిరగేశాను, సికిల్ నెగటివ్ అని మొదటి రిపోర్టులోనే ఉంది సిస్టర్, నేనే ఎప్పుడూ చూడలేదు. డాక్టరమ్మకి ఫోన్ చేయించాను, మెల్లగా చేసుకోమన్నారు, ఎగరొద్దు, తిరగొద్దు అన్నారు. పేగు సంగతి అత్తయ్యకి చదివి వినిపించాను, పూర్తిగా నమ్మలేదు గానీ, "తలుపు వేసుకుని చేసుకో, ఎదురింటివాళ్ళు చూస్తారు" దాకా వచ్చారు. పర్లాకిమిడి మామ్మ మేనమామల కథకి మాత్రం పడి పడి నవ్వారు.

ఒక డౌట్. వృత్తం వేస్తే బాగానే ఉంది, కానీ ఎనిమిదిలో బరువు ఎడమ కాలి మీదికి వచ్చినప్పుడు ముందు వైపు ఎముక దగ్గర, సరిగ్గా మధ్యలో, కలుక్కుమంటోంది. మెట్లెక్కేటప్పుడు, రాత్రి పక్కకి ఒత్తిగిల్లేటప్పుడు కూడా అక్కడే. ఇది డాన్స్ వల్లేనా?

బరంపురం_ఫిజియో:

డాన్స్ వల్ల వచ్చిందని అనుకోను, డాన్స్‌లో బయటపడింది. కడుపుతో ఉన్నప్పుడు కటి ఎముకల కీళ్ళు వదులవుతాయి, ముందు రెండు ఎముకలు కలిసే కీలు, వెనక వెన్ను దగ్గరి కీళ్ళు సమానంగా కదలకపోతే ఇలాంటి నొప్పి వస్తుంది. మెట్లు, ఒత్తిగిల్లడం, ఒంటి కాలి మీద బరువు, మీరు చెప్పిన మూడూ దాని గుర్తులే. బిడ్డకి ఏమీ కాదు, కానీ పట్టించుకోకుండా అలాగే చేస్తే నెలలు నిండేసరికి నడవడమే కష్టమవుతుంది. వచ్చే చెకప్‌లో చెప్పండి, దగ్గర్లో ఫిజియో ఉంటే ఒకసారి చూపించుకోండి, బెల్టు కావాలో లేదో చూసి చెప్తారు.

అప్పటిదాకా నిలబడి ఎనిమిది వేయడం ఆపేయండి, పక్కలకి జరపడం కూడా. రెండు కాళ్ళ మీదా సమానంగా బరువు ఉండే చిన్న వృత్తం నొప్పి లేకపోతే చేసుకోవచ్చు, లేదంటే కూర్చుని చేయండి. ఒత్తిగిల్లేటప్పుడు రెండు మోకాళ్ళూ దగ్గర పెట్టి ఒళ్ళంతా ఒక్కసారి తిరగండి, పడుకున్నప్పుడు మోకాళ్ళ మధ్య తలగడ పెట్టుకోండి. సల్వార్ మంచం మీద కూర్చునే వేసుకోండి, నిలబడి ఒక కాలు ఎత్తి వేసుకోవద్దు. మెట్లు ఒక్కొక్కటీ, రెండు పాదాలూ ఒకే మెట్టు మీద పెట్టి ఎక్కండి. కాళ్ళు బాగా ఎడంగా పెట్టి కూర్చునే పనులు, మామ్మగారి తడిగుడ్డతో సహా, కొన్నాళ్ళు ఇంకొకరికి అప్పజెప్పండి.

పర్లాకిమిడి_మామ్మ:

సరే సరే, తడిగుడ్డ మాట వెనక్కి తీసుకున్నాను. మీ ఆయన పేపర్ పక్కన పెట్టి ఆ గుడ్డ పట్టుకోమను.

రాయగడ_కోడలు:

ఆయనకి చూపించాను మామ్మా, చదివి పేజీ తిప్పారు :)

కూర్చుని అంటే కుర్చీ మీదేనా, ఆ పెద్ద బంతి కొనాలా? ఆన్‌లైన్లో 55, 65, 75 అని సైజులు చూపిస్తున్నాడు.

జయపురం_లయ:

కుర్చీ చాలు, అంచున కూర్చుని పాదాలు నేలకి పూర్తిగా ఆనించి మెల్లగా వృత్తాలు వేయండి. బంతి ఉంటే ఇంకా హాయి, నొప్పులప్పుడూ పనికొస్తుంది. సెంటీమీటర్ల లెక్క అది. మరీ పొట్టి కాకపోతే 65 సరిపోతుంది, గాలి కొట్టాక కూర్చుని చూసుకోండి, మోకాళ్ళ కన్నా తుంటి కొంచెం పైకి ఉండాలి, కింద ఉంటే ఇంకొంచెం గాలి కొట్టండి. పగిలినా టప్పున పేలకుండా మెల్లగా గాలి పోయే రకం అని రాసి ఉన్నదే కొనండి. టైల్స్ మీద జారుతుంది, కింద చాప కాదు, రబ్బరు మ్యాట్ వేసి, మొదట్లో గోడకి దగ్గరగా, పక్కన ఎవరైనా ఉన్నప్పుడే కూర్చోండి.